మూడు గుంటలకే నోటీసు ఎందుకు? ఒక ఆక్రమణ కేసు పూర్వాపరాలు

ముందే చెప్పేస్తాను, నేను వకీలుగా నడిపిన ఈ కేసులో మావాళ్ళేం కడిగిన ముత్యాలు కాదు. ముగ్గురివీ రొయ్యల గుంటలు. ముగ్గురి గట్లూ ఎంతో కొంత డ్రెయిన్ (మురుగు కాలువ) పోరంబోకులోకి దిగే ఉన్నాయి. మొదటిరోజు ఆఫీసులో కూర్చుని "మాది పట్టా భూమే సార్" అని ముగ్గురూ ఒకే గొంతుతో అన్నారు. అడంగలు (సాగు రికార్డు), ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) ముందేసుకుని చూశాక ఆ మాట ఒకరి విషయంలో చాలావరకు నిలబడింది, ఇంకొకరి విషయంలో సగానికి తగ్గింది, మిగిలిన ఒకరి విషయంలో దాదాపు పడిపోయింది. అయినా కేసు తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో, ఎట్లా నడిపానో జూనియర్లు, రైతులు తరచూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు, ఏ ఆఫీసన్నదీ రాయడం లేదు.

కోవూరు దాటి సముద్రం వైపు పోయేకొద్దీ పెన్నా డెల్టా వరిచేలు పలచబడి గుంటలు మొదలవుతాయి. పైన వరి, కింద రొయ్య, రెంటినీ కలుపుతూ మురుగు కాలువ. పైచేల నీళ్ళన్నీ ఆ డ్రెయిన్‌లో పడి సముద్రానికి పోవాలి. నెల్లూరు జిల్లాకి వాన ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్యలోనే. సరిగ్గా అప్పుడే పైన నార్లు పోస్తారు. డ్రెయిన్ ఇరుకైతే నార్లు మునుగుతాయి, ఆ ఏడు మునిగాయి కూడా. వరి రైతులు సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టారు. ఆ అర్జీలో ఒక్క ముక్క అబద్ధం లేదు. ప్రభుత్వం కదలాల్సిందే, ఆక్రమణ తీయాల్సిందే. ఇక్కడిదాకా నాకూ ఎవరితోనూ పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, డ్రెయిన్‌కి రెండు పక్కలా ఆక్రమించినవాళ్ళు చాలామందే ఉన్నారు. అందరికన్నా లోపలికి చొచ్చుకొచ్చిన గట్లు సముద్రం వైపు చివర్లో ఉన్న ఒక పెద్దాయనవి. నీళ్ళు ఆగేది కూడా అక్కడే. నోటీసులు వచ్చింది మాత్రం మధ్యలో ఉన్న మా ముగ్గురికి. "ఏం సార్, పొక్లెయిన్ ఆయన గుంటల మీదుగానే గదా వచ్చింది, వాళ్ళకి యాడా కనపళ్ళేదా?" అని మొదటాయన అడిగాడు. దారి నిజంగానే పెద్దాయన గట్టు మీదుగానే ఉంది. నేను తర్వాత వెళ్ళి చూశాను.

ముగ్గురి పరిస్థితీ వేరువేరు, కేసంతా దీని మీదే నడిచింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మొదటాయనకి 1905 నాటి ల్యాండ్ ఎన్‌క్రోచ్‌మెంట్ చట్టం సెక్షన్ 7 కింద నోటీసు చేతికే ఇచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నాడు. జవాబు ఇవ్వలేదు. "జవాబిస్తే ఒప్పుకున్నట్టే" అని ఎవరో చెప్పారట. పైగా, అంతకుముందు రీసర్వేలో తన హద్దు తప్పు పడిందని ఆయన పెట్టుకున్న అర్జీకి ఎవరూ రాకుండానే "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ ఇంకా దాచుకున్నాడు. ఆ ఆఫీసు నుంచి వచ్చిన కాగితానికి జవాబిచ్చినా ఇవ్వకపోయినా ఒకటే అనుకున్నాడు. రెండో ఆయన నోటీసు ఏరేటర్ల మోటారు షెడ్డుకి అంటించారు, వానకి తడిసి సగం చిరిగింది. మూడోది కౌలు గుంట. కౌలుదారు ఒక విధవరాలు, కొడుకుతో కలిసి సాగు చేస్తోంది. నోటీసు ఆమెకి కాదు, హైదరాబాద్‌లో ఉండే భూమి యజమాని పేరుతో పోస్టులో పోయింది. ఆయన దాన్ని వాట్సాప్‌లో ఆమె కొడుక్కి పంపి ఊరుకున్నాడు.

ఒక శనివారం సాయంత్రం, ఖాళీ చేయించే సెక్షన్ 6 ఆర్డరు వచ్చింది. ముగ్గురికీ కలిపి ఒకటే ఆర్డరు. ఆదివారం పొద్దున్నే పొక్లెయిన్ వచ్చింది. మొదటాయన గుంట గట్టుకి గండి కొట్టారు. అరవై రోజుల వెనామీ రొయ్య పంట, 100 కౌంట్‌కి, అంటే కిలోకి వంద రొయ్యలకి, కాస్త అటూ ఇటూ ఉంది. ఇంకో నెల ఆగితే 50 కౌంట్ దగ్గరికి వచ్చేది, ధరలో తేడా ఎంతో రొయ్యలు పెంచేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. నీళ్ళతో పాటు రొయ్యలన్నీ డ్రెయిన్‌లోకి పోతుంటే ఊళ్ళో పిల్లలు దోమతెరలు తెచ్చి గండి దగ్గర పట్టుకుంటున్న వీడియో ఉంది. అదే వీడియోలో మొదటాయన, ఆయన తమ్ముడు పొక్లెయిన్ ముందు నిలబడి అరుస్తూ కనిపిస్తారు. ఎవరి మీదా చెయ్యి వెయ్యలేదు. ఈ సంగతి తర్వాత పనికొచ్చింది. మిగతా రెండు గుంటలు మర్నాడు కొడతామని చెప్పి వెళ్ళారు.

ఆ మధ్యాహ్నమే నా దగ్గరికి వచ్చారు. ముగ్గురి నోటా మొదట వచ్చిన మాట, "ఆయన్ని వదిలేసి మమ్మల్నే కొడితే ఎట్టా? అందరికీ ఒకటే న్యాయం గదా సార్?" న్యాయంగా సరైన ప్రశ్నే. కోర్టులో మాత్రం అది ఒంటరిగా నిలబడదు. పక్కవాడి తప్పుని చూసీ చూడనట్టు వదిలేశారు కాబట్టి నా తప్పునీ వదిలేయాలి అంటే రాజ్యాంగం ఆర్టికల్ 14 ఒప్పుకోదు. అక్రమంలో సమానత్వం ఉండదని సుప్రీంకోర్టు 1995లో చండీగఢ్ అడ్మినిస్ట్రేషన్ వర్సెస్ జగ్‌జీత్ సింగ్ కేసులో చెప్పింది, ఆ తర్వాతా చెబుతూనే ఉంది. మన దగ్గర హైకోర్టులో వేసే ఎన్నో రిట్ పిటిషన్లు ఇక్కడే చచ్చిపోతాయి. రైతు కోపాన్ని ఉన్నదున్నట్టు అఫిడవిట్‌లోకి దించేస్తాం, జీపీ (ప్రభుత్వ ప్లీడరు) లేచి ఒక్క వాక్యంలో కొట్టేస్తాడు.

2024 నవంబరు 13 నాటి సుప్రీంకోర్టు బుల్‌డోజర్ తీర్పు ఉంది కదా అని ఒక జూనియర్ అన్నాడు. అందులో మనకి పనికొచ్చే మాట ఉన్న సంగతి నిజమే. ఒకే చోట ఒకే రకంగా ఉన్న కట్టడాల్లో మిగతావాటిని ముట్టకుండా ఒక్కదాన్నే హఠాత్తుగా ఎంచుకుని కూలిస్తే దురుద్దేశాన్ని అనుమానించొచ్చని కోర్టు అంది. పదిహేను రోజుల నోటీసు ఉండాలనీ అంది. కానీ అదే తీర్పులో రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదులు, జలవనరుల దగ్గరి అక్రమ కట్టడాలకి ఈ ఆదేశాలు వర్తించవని మినహాయింపు ఉంది. డ్రెయిన్ జలవనరు అని జీపీ అంటాడు, గుంట గట్టు కట్టడమే కాదనీ అంటాడు. రెండూ అన్నాడు. అందుకని ఆ తీర్పుని దురుద్దేశం గురించి ఒక పేరాలో వాడుకుని, బరువంతా 1905 చట్టం మీదే పెట్టాను. ఎప్పుడో తెల్లవాళ్ళ కాలంలో చేసిన చట్టమైనా ఈ విషయంలో దానికి సాటి లేదు.

ఆ చట్టంలో సెక్షన్ 7 అడిగేది చిన్న విషయమే. ఆక్రమించాడని చెబుతున్న మనిషికి, ఏ భూమి ఆక్రమించాడో స్పష్టంగా రాసి, ఫలానా తేదీలోగా కారణం చెప్పమని నోటీసు ఇవ్వాలి. ఆ కారణం విన్నాకే సెక్షన్ 6 కింద ఖాళీ చేయించడం. మా ఫైల్లో ఉన్న నోటీసుల్లో సర్వే నంబరు మొత్తం వేశారు. ఎంత విస్తీర్ణం, ఏ వైపు, ఎన్ని లింకులు (సర్వే గొలుసు కొలత) లోపలికి వచ్చారు అన్నది లేదు. స్కెచ్ లేదు. కౌలుదారుకి నోటీసే లేదు, చట్టం అడిగేది భూమిలో ఉన్న మనిషికి ఇమ్మని. ఇంకా చిత్రం, సెక్షన్ 6 ఆర్డరు టైపు చేసి ఉంది, తేదీ మాత్రం పెన్నుతో వేశారు. ఆ తేదీ రెండో ఆయన నోటీసులో జవాబుకి ఇచ్చిన గడువు కంటే ముందుది! గడువు ముగియకముందే "జవాబు రానందున" అని ఆర్డరు రాశారన్నమాట. ఈ ఒక్క తేదీ దొరక్కపోతే మధ్యంతర ఉత్తర్వు వచ్చేదో లేదో నాకు అనుమానమే.

సోమవారం నేలపాడులో హైకోర్టు ముందు లంచ్ మోషన్, అంటే అదే రోజు అత్యవసరంగా వినమని అడగడం. స్టేటస్ కో, అంటే ఉన్నది ఉన్నట్టే ఉంచమనే ఉత్తర్వు, వచ్చింది. మిగతా రెండు గుంటలూ, పట్టుబడి అయ్యేదాకా బతికాయి.

అసలు తగాదా ఆ తర్వాతే మొదలైంది, అదీ మాలో మాకు. పెద్దాయన గట్లు తీయించమని మనమే అడగాలా వద్దా? అడగాలంటే ఆయన్ని రిట్‌లో రెస్పాండెంట్‌గా (ప్రతివాదిగా) చేర్చాలి. వినకుండా ఎవరికీ వ్యతిరేకంగా ఉత్తర్వు రాదు. మొదటాయన సరే అన్నాడు, పోయేది పోయింది కాబట్టి. కౌలు ఆవిడ చేతులు జోడించింది. "సామీ, ఆయన పేరు రాయబాకండి. రేపు కరెంటు లైను కావాలన్నా, సీడు బండి రావాలన్నా ఆయన గట్టు మీదనే రావాల." ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. చట్టం దగ్గరా లేదు. చివరికి మా రిట్‌ని మా నోటీసుల వరకే పరిమితం చేసి, డ్రెయిన్ పొడవునా ఆక్రమణదారులందరికీ ఒకే పద్ధతి పాటించాలని మాత్రం కోరాం, పేర్లు లేకుండా. పెద్దాయన మీద వేరే రిట్ వేసింది ఎవరో తెలుసా? మొదట అర్జీ పెట్టిన వరి రైతులే. మా గుంటలు తీసేస్తే తమ నీళ్ళు పోవని, నీళ్ళు ఆగేది కిందనేనని వాళ్ళకి ఆ వానల్లోనే అర్థమైంది. వాళ్ళూ నా దగ్గరికే వచ్చారు. రెండు పక్కలా నేనే ఉండకూడదు కాబట్టి వేరే వకీలు దగ్గరికి పంపాను.

రెండు రిట్లకీ బలం ఇచ్చింది ఆర్టీఐ కాగితం. మండల స్థాయిలో అర్జీకి 5 రూపాయల ఫీజు. మేం అడిగింది "ఎందుకు వివక్ష చూపారు" అని కాదు. అట్లా అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు, సరిగానే పంపుతారు. మేం అడిగింది ఇవి: ఆ డ్రెయిన్ సర్వే నంబర్లలో ఆక్రమణల రిజిస్టరు నకలు, అడంగల్లో శివాయిజమా (ప్రభుత్వ భూమిలో అనుమతి లేని సాగు) కింద నమోదైన పేర్లు, ఆ ఏడాది జారీ అయిన సెక్షన్ 7 నోటీసుల జాబితా, వాటి తపాలా రిజిస్టరు పేజీలు. మొదట "అందుబాటులో లేవు" అన్నారు. మొదటి అప్పీలులో, సెక్షన్ 2(జె) కింద రికార్డు స్వయంగా చూసే హక్కు అడిగాం. చూడ్డానికి వెళ్ళినప్పుడు రిజిస్టరు అందుబాటులోకి వచ్చింది. అందులో డ్రెయిన్ వెంబడి ఆక్రమణదారులందరి పేర్లూ వరసగా ఉన్నాయి, పెద్దాయన పేరుతో సహా, ఎవరెంత విస్తీర్ణమో వేసి మరీ. అంటే ఎవరు ఎంత తిన్నారో ఆఫీసుకి తెలుసు. రిజిస్టరులో విస్తీర్ణం ఉంది, మా నోటీసులో లేదు. నోటీసుల జాబితాలో మూడే పేర్లు. "సర్వే పెండింగ్‌లో ఉన్నందున మిగతావారికి జారీ చేయలేదు" అని ప్రభుత్వం తరఫున కోర్టులో కౌంటరు వేశారు. మా ముగ్గురికీ సర్వే ఎప్పుడు చేశారు అని అడిగితే రికార్డు లేదు.

ఈ పని చేసేవాళ్ళకి నేను చెప్పగలిగేది ఇదే. వివక్షని ఫిర్యాదుగా చెప్తే కోర్టు వినదు. ఒకే రిజిస్టరులోని రెండు వరసల మధ్య తేడాగా చూపిస్తే వింటుంది. మన మీద చర్య వద్దనకూడదు. ఆ రిజిస్టరులో ఉన్నవాళ్ళందరి మీదా ఒకే కొలతతో, ఒకే పద్ధతిలో చర్య తీసుకోమని అడగాలి. ఇందులో మన క్లయింటుకీ నష్టం ఉంటుంది. ఆ సంగతి మొదటి రోజే చెప్పి ఒప్పించాలి. ఒప్పుకోకపోతే కేసు వదిలేయడం మంచిది.

రెండో ఆయన విషయంలో మాత్రం అదనంగా ఒక వాదన దొరికింది. ఎఫ్‌ఎంబీలో డ్రెయిన్ ఒకచోట, నేల మీద ఇంకోచోట. ఎప్పుడో పూడిక తీసినప్పుడు కాలువ ఆయన పట్టాలోకి జరిగింది, పాత కాలువ జాగా గుంటలో కలిసింది. ఆయన తాత పేరుతో రిజిస్టరు దస్తావేజు ఉంది. హక్కు మీద నిజమైన వివాదం ఉన్నప్పుడు ప్రభుత్వం ఈ చట్టం కింద తూతూమంత్రంగా ఖాళీ చేయించకూడదు, సివిల్ కోర్టుకి పోవాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం భూముల మీద 1982లో వచ్చిన తుమ్మల కృష్ణారావు కేసు తీర్పు అదే. ఇదే 1905 చట్టం మీద సుప్రీంకోర్టు చెప్పిన మాట. ఆక్రమణ కేసులు చూసేవాళ్ళు మొదట చదవాల్సిన తీర్పు ఇది, చాలామంది చివర్లో చదువుతారు.

హైకోర్టు సెక్షన్ 6 ఆర్డరు కొట్టేసింది. జాయింట్ సర్వే చేసి, అటూ ఇటూ ఉన్న రైతులకి ముందుగా తెలియజేసి, విస్తీర్ణం, స్కెచ్‌తో కొత్తగా నోటీసు ఇచ్చి, విని, కారణాలతో ఉత్తర్వు రాయమంది. రిజిస్టరులో ఉన్నవాళ్ళందరికీ అదే పద్ధతి అంది. పోయిన పంటకి పరిహారం మాత్రం రిట్‌లో తేల్చలేమని, వేరే దారి చూసుకోమంది. మొదటాయన సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇచ్చి దావా వేశాడు. ఆయన దగ్గర హేచరీ సీడు బిల్లు, మేత బిల్లులు, కరెంటు బిల్లులతో పాటు రోజూ చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) చూసి మేత ఎంత వేశాడో రాసుకున్న నోటు పుస్తకం ఉంది. నష్టం లెక్క కట్టడానికి అంతకన్నా మంచి సాక్ష్యం నేను చూడలేదు. గుంటలున్న ప్రతివాళ్ళూ రాస్తారు, పంట అయిపోగానే పారేస్తారు. పారేయకండి.

జనం అధికారుల్ని నమ్మరు అంటూ ఆఫీసర్లు మా దగ్గర వాపోతుంటారు. ఈ రైతులు ఏం చూశారో ఒకసారి తిరగేసి చూడండి. 2020 చివర్లో రీసర్వే మొదలైంది, రాళ్ళు పాతారు, కొలతలు తేడా వచ్చినచోట అర్జీలు పేరుకున్నాయి. భూహక్కుల చట్టం 2023 అక్టోబరు ఆఖరున అమల్లోకి వచ్చింది. మేం వకీళ్ళం కోర్టులు బహిష్కరించి ధర్నాలు చేశాం. 2024 జులైలో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. 2019 జూన్‌లో ఉండవల్లి దగ్గర ప్రజావేదిక కూల్చారు. 2024 జూన్ 22న తాడేపల్లిలో ఇంకో పార్టీ ఆఫీసు కడుతుండగా కూల్చారు. రెండుచోట్లా కాగితం మీద ప్రశ్న ఒకటే, అనుమతి ఉందా లేదా అని. టీ కొట్టు దగ్గర జనం అడిగింది మాత్రం "ఎవరిది?" అని. ఇన్ని చూసినవాడికి శనివారం సాయంత్రం కాగితం వస్తే, దాన్ని చట్టం అనుకోడు, తన మీదికి ఎవరో పంపారు అనుకుంటాడు. మొదటాయన నోటీసుకి జవాబివ్వకపోవడం తెలివితక్కువ పనే, జీపీ దాన్ని పూర్తిగా వాడుకున్నాడు. కానీ ఆ నిర్ణయం ఆయన గాల్లోంచి తీసుకోలేదు.

జాయింట్ సర్వేకి రోవర్ (ఉపగ్రహ సంకేతాలతో కొలిచే పరికరం) పెట్టి కొలిచారు. ఎఫ్‌ఎంబీ లింకుల లెక్కని దాంతో సరిపోల్చడానికి పొద్దంతా పట్టింది. పెద్దాయన తరఫున మేనేజరు వచ్చి, ముందురోజే తెలిసినట్టు అన్ని కాగితాలూ ఫైలులో పెట్టుకుని నిలబడ్డాడు. ఫలితం: మొదటాయన గట్టు చాలావరకు పోరంబోకులోనే ఉంది, తనే పొక్లెయిన్ అద్దెకి తెచ్చుకుని వెనక్కి జరుపుకున్నాడు. కౌలు ఆవిడది కొద్దిగా పోయింది. రెండో ఆయనది హక్కు వివాదంగా పక్కన పెట్టారు. పెద్దాయనకి ఈసారి నోటీసు వెళ్ళింది, ఆర్డరు కూడా అయింది. ఆర్డీఓ దగ్గర అప్పీలు వేసుకున్నాడు, స్టే ఉంది. అప్పీలు ఆయన హక్కు, నేనైనా అదే సలహా ఇచ్చేవాణ్ణి. కాకపోతే ఆయన ఆర్డరుకీ అప్పీలు స్టేకీ మధ్య పొక్లెయిన్ రాలేదు. మావాళ్ళకి శనివారం ఆర్డరు, ఆదివారం పొక్లెయిన్. వరి రైతుల రిట్‌లో ఇప్పుడు ఈ తేడానే అఫిడవిట్‌గా వేశారు.

క్రిమినల్ కేసు సంగతి మిగిలింది. పొక్లెయిన్ ముందు నిలబడ్డందుకు మొదటాయన, తమ్ముడి మీద భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 132, 221 పెట్టారు. 132 అంటే ప్రభుత్వోద్యోగి మీద దౌర్జన్యం, బెయిలు సులువు కాదు. 221 అంటే విధులకి అడ్డు, మూడు నెలల దాకా జైలు లేదా 2,500 రూపాయల దాకా జరిమానా. ఇట్లాంటి గొడవల్లో రెండూ కలిపి రాయడం అలవాటైపోయింది, 132 ఉంటే మనిషి భయపడతాడు కాబట్టి. భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 35(3) నోటీసు ఇచ్చి విచారణకి పిలిచారు, వెళ్ళాం, వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఛార్జిషీటులో 132 తీసేశారు. మిగిలిన 221ని కోర్టు విచారణకి తీసుకోవాలంటే ఆ ఉద్యోగి గానీ ఆయన పై అధికారి గానీ కోర్టుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 215 చెప్పేది అదే. ఇక్కడ ఉన్నది పోలీసు ఛార్జిషీటు మాత్రమే. దాన్ని కొట్టేయమని వేసిన క్వాష్ పిటిషన్ హైకోర్టులో ఉంది. తమ్ముడికి పాస్‌పోర్టు కావాలి, గల్ఫ్‌కి పోవాలని చూస్తున్నాడు. అందుకని ఈ వాయిదాకే వాదించేయమని వారానికోసారి ఫోను చేస్తున్నాడు.